తేదీ మిగిలి ఉన్న పాలపొడి

రిటైరయ్యాక కూడా నా ఉద్యోగం నన్ను వదల్లేదు. పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు, చర్చిలో ఆరాధన ముగిశాక బయట చెప్పులు వెతుక్కుంటున్నవాళ్లు, మా అపార్ట్‌మెంటు లిఫ్టులో సరుకుల సంచీతో ఎదురుపడ్డవాళ్లు, అందరూ ఒకటే అడుగుతారు. "మేడమ్, మీరు ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా చేశారంట కదా. ఇదిగో దీని డేటు దాటిపోయింది. వాడొచ్చంటారా?"

ఓపికగానే చెబుతాను. ప్యాకెట్టు మీద 'బెస్ట్ బిఫోర్' అని ఉంటే, ఆ తేదీ దాకా రుచీ వాసనా తగ్గవని కంపెనీ ఇచ్చే హామీ అది. అది దాటిన మర్నాడే బిస్కెట్టు విషమైపోదు. 'ఎక్స్‌పైరీ' అనో 'యూజ్ బై' అనో ఉంటే మాత్రం దాటాక ఇంకో ఆలోచన లేకుండా పారెయ్యండి. చంటిపిల్లలకు పెట్టేది ఏదైనా సరే, తేదీ దాటితే అసలు ముట్టుకోవద్దు. ఇక్కడిదాకా అందరూ శ్రద్ధగా వింటారు. తర్వాతి మాట మొదలుపెట్టేసరికి వాళ్ల అంతస్తు వచ్చేస్తుంది, దిగిపోతారు.

అసలు చెప్పాల్సింది ఆ తర్వాతి మాటే. తేదీ దాటనంత మాత్రాన లోపలిది మంచిదని కాదు. ప్యాకెట్టు చెక్కుచెదరకుండా, పొడిచోట, ఎండ తగలకుండా ఉంటేనే ఆ తేదీకి విలువ. ఎర్రటి ఎండలో లారీ మీద పడేసిన పాలకూ, మురికినీళ్లలో మునిగి తేలిన పిండికీ ఆ అంకెలు వర్తించవు. ఇంత చిన్న విషయం. చదువుకున్నవాళ్లకు, నాకంటే పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు దీన్ని ఒప్పించలేక నా సర్వీసు చివరి రోజుల్లో నేను పడ్డ యాతన ఇంకా మరిచిపోలేదు. ఈ శాఖలోకి కొత్తగా వస్తున్న మీరు అది తెలుసుకోవాలి. నా గొంతులో కోపం వినిపిస్తే వినిపించనివ్వండి. దాచాలని నాకు లేదు.

విజయవాడలోకి నీళ్లు వచ్చిన ఏడాది అది. ఊరికి ఉత్తరం వైపు కాలనీలన్నీ మునిగాయి. ఇళ్లలో గోడగడియారాల దాకా నీళ్లు. జనం డాబాల మీద, ఆ తర్వాత సహాయ శిబిరాల్లో తలదాచుకున్నారు. శిబిరాలకు వచ్చే ఆహారం చూడ్డం మా పని. మా ఆఫీసులో ఉన్నదే కొద్దిమందిమి. పై అధికారి ఒకాయన, నేను, శాంపిళ్ల పెట్టె మోసే అటెండరు, కొండపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే డ్రైవరు. ఆ డ్రైవరు ఇంట్లోకీ నీళ్లు వచ్చాయని నాకు తర్వాత తెలిసింది. ఆయన ఒక్కపూట సెలవు అడగలేదు.

నన్ను పెట్టిన శిబిరం ఒక కల్యాణ మండపంలో ఉండేది. ఒకరోజు ఉదయం వండిన అన్నం రావడం ఆలస్యమైంది. దారిలో ఎక్కడో వ్యాన్లు ఆగిపోయాయన్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. అదే సమయానికి గన్నవరం వైపు నుంచి ఒక హోల్‌సేల్ వ్యాపారి ఉచితంగా పంపిన చిన్న లారీ వచ్చింది. నిండా బిస్కెట్లు, రస్కులు. నేను పెట్టెలు విప్పించి చూశాను. బెస్ట్ బిఫోర్ తేదీ ఆ వారంలోనే దాటింది. అట్టపెట్టెలు పొడిగా ఉన్నాయి, ప్యాకెట్లు ఉబ్బలేదు, ఎక్కడా చిరగలేదు. ఒకటి విప్పి కొరికాను. కాస్త మెత్తబడింది, అంతే. వాసనలో తేడా లేదు. లారీతో వచ్చిన మనిషి కూడా ఏమీ దాచలేదు. "డేటు దాటిందండీ, మా ఓనరుగారు ముందే చెప్పమన్నారు. మీరు సరేనంటేనే దింపుతాం" అన్నాడు.

దింపమన్నాను.

సగం పంచేలోగా అక్కడికొచ్చిన ఒక స్థానిక నాయకుడు ప్యాకెట్టు మీద తేదీ చదివాడు. ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. "చూడండి, వరద బాధితులకు ఎక్స్‌పైరీ అయిన తిండి పెడుతున్నారు! ఇదిగో అధికారులు, ఇక్కడే ఉన్నారు!" అని కెమెరా నా మొహం మీదికి తిప్పాడు. నేను ఆ కెమెరాకే చెప్పాను, ఇది ఎక్స్‌పైరీ కాదు, బెస్ట్ బిఫోర్, ఇది తినడానికి పనికొస్తుంది, నేనే తిన్నాను, ఇదిగో మళ్లీ తింటున్నాను అని. నేను చెప్పింది కత్తిరించి మిగతాది పంపించాడు. కాసేపటికి మా పై అధికారి ఫోను.

"ఆపేయించండి. మొత్తం పారబోయించండి. ఫోటోలు తీసి పంపండి."

"సార్, సరుకు బాగుంది. పిల్లలు ఆకలితో ఉన్నారు. అన్నం ఎప్పుడొస్తుందో తెలీదు."

"బాగుందో లేదో ఎవడికి కావాలమ్మా? డేటు దాటిందని టీవీలో వచ్చేస్తోంది. నువ్వు తినడం కూడా వచ్చింది. ఎవరు తినమన్నారు నిన్ను?"

మండపం వెనక జేసీబీతో గొయ్యి తీశారు. రస్కుల పెట్టెలన్నీ అందులో వేసి బ్లీచింగు చల్లి పూడ్చారు. చంకలో మనవణ్ణి ఎత్తుకున్న ఒక ముసలామె గొయ్యి దగ్గరికొచ్చి నిలబడింది. "అదేం పనమ్మా? ఆ పక్క రెండు పెట్టెలైనా ఉంచండి. మాకేం కాదు" అంది. ఆమెకు ఏం చెప్పాలి? మీ ఆరోగ్యం కోసమే అని చెప్పాలా? మా ఆఫీసు ఆ రోజు పత్రికలకు సరిగ్గా ఆ మాటే చెప్పింది. అన్నం మధ్యాహ్నం ఎండ దిగాక వచ్చింది.

ఇంత పట్టుదలగా తేదీ చూసే ఆఫీసు గదా, నీళ్లు తీశాక ఏం చేసిందో వినండి.

వరద తగ్గి జనం ఇళ్లు కడుక్కుంటున్న రోజుల్లో, మునిగిన ప్రాంతంలోనే ఒక గోడౌను పక్కన ఉండే ఆవిడ ఆఫీసుకు ఫోను చేసింది. "ఏవో ప్యాకెట్లు కడిగి ఎండబెడతన్నారండీ. కంపు భరించలేకపోతన్నాం" అంది. నేనూ, అటెండరూ, డ్రైవరూ వెళ్లాం.

గోడౌను గోడ మీద బురద గీత నా తలకంటే ఎత్తున ఉంది. వాకిట్లో పెద్ద పెద్ద ప్లాస్టిక్ తొట్లు. కూలికొచ్చిన ఆడవాళ్లు వాటి చుట్టూ కూర్చుని, సబ్బునీళ్లలో ప్యాకెట్లు ముంచి, బట్టతో తుడిచి, టార్పాలిన్ మీద ఆరబెడుతున్నారు. నూనె ప్యాకెట్లు, గోధుమపిండి, నూడుల్సు. ఒక పక్కన విడిగా పాలపొడి పౌచులు. ఏడాది నిండిన పిల్లలకు పాలలా కలిపి తాగించే రకం. అవి మామూలుగా అట్టపెట్టెలో వస్తాయి. తడిసిన అట్టపెట్టెలు కుప్పగా పడి ఉన్నాయి. లోపలి పౌచులు మాత్రం మెరుస్తూ వరసగా ఎండలో ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పైన అతికిన అంచు మడతలో సన్నటి నల్లటి బురద. వేలితో నొక్కితే లోపల పొడి గడ్డకట్టినట్టు తగిలింది.

గోడౌను యజమాని చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, కొబ్బరి బొండాం తెప్పించబోయాడు. వద్దన్నాను.

"ఇదంతా ఏం చేస్తారండీ?"

"ఏం చేస్తాం మేడమ్, మునిగిపోయాం గదా. కాస్త ఆఫర్లో అమ్ముకుంటే నాలుగు రాళ్లు చేతికొస్తాయి. లోపలికి నీళ్లు పోలేదండీ, అంతా సీల్డ్ ప్యాకింగు."

"ఈ మడతలో బురద ఎక్కణ్ణుంచి వచ్చింది మరి?"

ఆయన పౌచు నా చేతిలోంచి సుతారంగా తీసుకుని, వెనక్కి తిప్పి, వేలు పెట్టి చూపించాడు. "డేటు చూడండి మేడమ్. ఎక్స్‌పైరీకి ఇంకా ఎంత టైముందో. డేటు ఉన్న సరుకును పనికిరాదంటే ఎట్టాగండీ?"

ఆ మాట ఆయన అమాయకంగా అనలేదు. ఆయనకు అంతా తెలుసు. తడిసిన అట్టపెట్టెలో ఉంచి అమ్మితే ఎవరూ కొనరని తెలుసు కాబట్టే పెట్టెలు విడిచి పౌచులు ఉంచాడు. విజయవాడలో అమ్మితే అందరూ వరద సరుకని గుర్తుపడతారు, అందుకే మూటలు కట్టించి పల్లెల వైపు పంపే ఏర్పాటు చేస్తున్నాడు. గేటు దగ్గర ఒక ఆటో ట్రాలీ అప్పటికే సగం నిండి ఉంది.

నేను సరుకంతా స్వాధీనం చేసుకుంటున్నానని చెప్పి ఆఫీసుకు ఫోను చేశాను. పై అధికారి స్వయంగా వచ్చారు. రాగానే యజమానితో చెయ్యి కలిపారు. పౌచు తిప్పి తేదీ చూశారు. తర్వాత నా వైపు చూసి, "డేటు ఉందిగా?" అన్నారు.

"సార్, అది మురికినీళ్లలో మునిగింది. గోడ మీద గీత చూడండి. ఇది చంటిపిల్లలు తాగేది."

"అది నీ అనుమానం. రేపు కోర్టులో గోడ చూపిస్తావా? శాంపిలు తీద్దాం. రిపోర్టు వచ్చాక చూద్దాం."

శాంపిలు కూడా ఆయనే ఎంచారు. నీళ్లు అందని పై అరలో మిగిలిన కొద్ది పెట్టెల్లోంచి తీయించారు. నేను కింద వరస పౌచు అందిస్తే, "నీకు అన్నీ తొందరేనమ్మా" అని పక్కన పెట్టారు. మిగతా సరుకును పారబోయడానికి ఉత్తర్వు ఇవ్వలేదు. రిపోర్టు వచ్చేదాకా కదిలించకూడదని చెప్పి ఆ యజమాని దగ్గరే, ఆయన సంతకం మీదే ఉంచారు. దొంగకు తాళం ఇచ్చి కాపలా పెట్టడం అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. కారెక్కేటప్పుడు మా అటెండరు, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, ఆ రస్కుల్ని మాత్రం గొయ్యి తీసి పూడ్చాం గదండీ." నాకు ఏడుపొచ్చేంత కోపంగా ఉంది.

పై అర శాంపిలు సహజంగానే బాగుందని వచ్చింది. ఈలోగా గోడౌను ఖాళీ అయింది. సరుకు ఎలా కదిలిందని మా పై అధికారిని అడిగితే, యజమానిని సంజాయిషీ అడగండి అన్నారు. అడిగాం. వాసన వస్తోందని చుట్టుపక్కలవాళ్లు గొడవ చేస్తే వేరే చోటికి మార్చామని రాసిచ్చాడు. ఎక్కడికి మార్చావని ఆయన్ని ఎవరూ గట్టిగా అడగలేదు.

కొన్ని వారాల తర్వాత చల్లపల్లి వైపు పనిచేసే మా శాఖ కుర్రాడు ఫోను చేశాడు. కుర్రాడంటే చిన్నవాడేం కాదు, పెళ్లయి ఒక పాప కూడా ఉంది. కానీ ఉద్యోగంలో కొత్త, అందుకే నాకు అలవాటుగా ఆ మాట వచ్చింది. ఇప్పుడు మా రెండు చోట్లూ వేరు వేరు జిల్లాలు. "మేడమ్, ఇక్కడ ఆస్పత్రిలో ఒక బాబుకి బాగా సీరియస్‌గా ఉంది. నెత్తురు విరేచనాలు. డాక్టరుగారు పాలపొడి మీద అనుమానంగా ఉందన్నారు. అట్టపెట్టె లేని పౌచు. మీరేదో గోడౌను గురించి మీటింగులో గట్టిగా మాట్లాడారు గదా, అందుకని మీకు చేస్తున్నా."

సెలవు పెట్టి బస్సెక్కాను. ఆ ప్రయాణంలో కిటికీ బయట ఏం చూశానో గుర్తులేదు. పొలాలు ఉండే ఉంటాయి.

బాబు తల్లిది చల్లపల్లి దగ్గర నేత పని చేసే ఊరు. భార్యాభర్తలిద్దరూ మగ్గం మీద పనిచేస్తారు. ఆమె డిగ్రీ రెండో ఏడు దాకా చదివి పెళ్లయ్యాక ఆపేసింది. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. కళ్లు లోతుకు పోయాయి. లోపల బాబు చేతికి సెలైను పెట్టి, సూది కదలకుండా అట్టముక్క కట్టి ఉంది. వాడికి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఎవరో అధికారులు వచ్చారని తెలిసి ఆమె లేచి నిలబడింది. కూర్చోమన్నాను. మొదట మాట్లాడటానికి భయపడింది. తప్పు తన మీదికి వస్తుందనుకుంది.

"నాకు పాలు చాలవండి. మగ్గం దగ్గర కూర్చుంటే వాడికి మాటిమాటికీ పట్టడం కుదరదు. ఊళ్లో షాపులో ఆఫర్లో ఉందంటే తెచ్చాను. డేటు చూసే కొన్నానండి. అందరూ చెప్తారు గదా, టీవీలో కూడా చెప్తారు, డేటు చూసి కొనమని."

"విప్పినప్పుడు ఏమైనా తేడా అనిపించిందా అమ్మా?"

"అనిపించిందండి. గడ్డలుగా ఉంది. ఏదో ముతక వాసనలాగా వచ్చింది. నేను ఊరుకోలేదండీ, అప్పటికప్పుడే షాపుకి తీసుకెళ్లాను. ఆయన ఇటు తిప్పి, 'డేటు ఉంది గదమ్మా, వానాకాలం గదా, చెమ్మకి గడ్డ కట్టుద్ది, వేడినీళ్లలో కలుపు' అన్నాడు. నాకూ అది నిజమే అనిపించింది. డేటు ఉంది గదా అని..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే కలిపానండి. నేనే పట్టాను."

ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో నేను ఎన్నో కల్తీలు చూశాను. నూనెలో కల్తీ, కారంలో రంగు, నెయ్యి పేరుతో ఇంకేదో. అవి చూసినప్పుడు వచ్చిన కోపం వేరు. ఇక్కడ ఈ అమ్మాయి మేము చెప్పినవన్నీ చేసింది. తేదీ చూసింది. వాసన చూసింది. అనుమానం రాగానే వెనక్కి తీసుకెళ్లింది. చెయ్యాల్సింది చెయ్యనిది మేము. ఇప్పుడు తనే బిడ్డకు విషం పెట్టానని ఆమె ఏడుస్తోంది, అవతల ఆ పెద్దమనిషి ఇంకెవరికో కొబ్బరి బొండాం తెప్పిస్తున్నాడు.

ఇంట్లో మిగిలిన పౌచు ఆమె భర్త తెచ్చాడు. అంచు మడత విప్పి చూశాను. అదే నల్లటి బురద. బ్యాచి నంబరు కూడా నేను గోడౌనులో చూసినదే. కానీ విప్పేసిన పౌచు చట్టం ముందు నిలవదు. షాపులో మిగిలిన, సీలు విప్పని పౌచుల నుంచి శాంపిలు తీయాలి. అది నేను తీయడానికి వీల్లేదు, నా జిల్లా కాదు. ఆ కుర్రాడు తీయాలి.

షాపు బయట నిలబడి అతను తన పై అధికారికి ఫోను చేశాడు. అవతలి మాటలు నాకు వినపడలేదు కానీ అతని మొహం చూస్తే తెలిసిపోయింది. ఫోను పెట్టేసి, "డేటు ఉందా అని అడిగారు మేడమ్. ఉందన్నాను. అయితే తొందరపడకు, విజయవాడ వాళ్లతో మాట్లాడాక చూద్దాం అన్నారు. మా సారు, మీ సారు ఒకటే బ్యాచి" అన్నాడు.

"నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

"ప్రొబేషన్‌లో ఉన్నాను మేడమ్. ఊరుకోరు."

నేను అతన్ని బలవంతపెట్టలేదు. ఎందుకంటే దెబ్బ తగిలేది అతనికే, నేను రేపో మాపో ఇంటికి పోయేదాన్ని. ఒక్కటే చెప్పాను. "సాయంత్రానికి ఈ షాపులో ఒక్క పౌచు ఉండదు బాబూ. అవి పోతే ఆ అమ్మాయి చెప్పేది ఎవరూ నమ్మరు. తల్లికి పొడి కలపడం రాదని రాసేస్తారు. నీళ్లు కాచలేదని రాసేస్తారు."

అతను ఫోను జేబులో వేసుకున్నాడు. బస్సొకటి హారను కొట్టుకుంటూ పోయింది. తర్వాత షాపులోకి నడిచి, "మీ దగ్గరున్న పాలపొడి పౌచులన్నీ ఇటు పెట్టండి. శాంపిలు తీస్తున్నాను. ఇద్దరు సాక్షుల్ని పిలవండి" అన్నాడు. సీళ్లన్నీ పద్ధతి ప్రకారం వేశాడు. సాక్షులుగా సంతకం పెట్టడానికి వీధిలో ఎవరూ ముందుకు రాకపోతే, ఆస్పత్రి నుంచి మా వెనకే వచ్చిన బాబు మేనమామ, పక్కన టీ కొట్టు ఆవిడ పెట్టారు. ఆ శాంపిలు అదే రోజు బయల్దేరేలా అతనే దగ్గరుండి పంపాడు.

మీరు ఉద్యోగంలో ఎంతమంది పెద్దల్ని చూస్తారో నాకు తెలీదు. నేను చూసినవాళ్లలో ధైర్యస్తుడెవరంటే అతని పేరే చెబుతాను, ఇక్కడ పేరు రాయకూడదు కాబట్టి రాయడం లేదు. అతన్ని తర్వాత మారుమూలకి బదిలీ చేశారు. పరిపాలనా కారణాలు అన్నారు. నాకు శిబిరంలో రస్కు తిన్నందుకు మెమో వచ్చింది. వరద సరుకు పల్లెలకు తోలినవాడికి మాత్రం ఏ కాగితమూ రాలేదు.

రిపోర్టు వచ్చింది. చిన్నపిల్లలు తాగడానికి ప్రమాదకరం అని స్పష్టంగా రాశారు. అప్పటికి బాబు ప్రమాదం నుంచి బయటపడ్డాడు. చాలా చిక్కిపోయాడు, చాలారోజులు అన్నం కూడా ఒంటబట్టలేదు, కానీ బతికాడు. ఆ కబురు తెలిసినరోజు మా ఇంట్లో ప్రార్థన పెట్టించాను. డ్రైవరూ అటెండరూ కూడా వచ్చారు.

సరే, కేసు ఎవరి మీద పెట్టారనుకున్నారు? ఊళ్లో షాపతని మీద. అమ్మినవాడు కాబట్టి ముద్దాయి అతనే. సరుకు ఎవరిచ్చారంటే బిల్లు లేదు. గోడౌను యజమాని, అసలా షాపు ఏ దిక్కున ఉందో కూడా తనకు తెలీదన్నాడు. షాపతను నోరు మెదపలేదు. అతని షాపు సగం ఆ యజమాని ఇచ్చే అరువు సరుకు మీదే నడుస్తుందని ఊరంతా చెప్పుకున్నారు.

నేను రిటైరయ్యాక కేసు బందరు కోర్టులో విచారణకు వచ్చింది. సాక్షిగా నన్నూ పిలిచారు. గోడౌనులో చూసినదంతా చెప్పాను. షాపతని తరఫు వకీలు నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఆ అమ్మాయి బోనెక్కాక మాత్రం గొంతు పెంచాడు.

"మీరు చదువుకున్నవారేనా?"

"చదువుకున్నానండి."

"కొనేటప్పుడు డేటు చూశారా?"

"చూశానండి."

"ఎక్స్‌పైరీ అయిందా?"

"లేదండి."

"అంటే నా క్లయింటు మీకు డేటు ఉన్న మంచి సరుకే ఇచ్చాడు. అంతేనా?"

ఆమె జడ్జిగారి వైపు తిరిగింది. "అయ్యా, నేను అంకెలు చదవగలను కాబట్టే చూశానండి. వాసనొస్తే వెనక్కి తీసుకెళ్లాను. షాపాయన డేటే చూపించాడు. తర్వాత ఎంక్వయిరీకి వచ్చినవాళ్లు కూడా డేటు ఉందా అనే అడిగారు. ఇప్పుడీ వకీలుగారూ అదే అడుగుతున్నారు. నా బిడ్డకి నేను పట్టింది ఏ నీళ్లలో మునిగి తేలిందో ఆ డేటు పక్కన ఎవరూ రాయలేదండీ. రాసుంటే చదువుకునేదాన్ని."

వకీలు ఇంకేదో ప్రశ్న మొదలుపెట్టబోయాడు. అంతలో వెనక నిలబడ్డ షాపతను చేతులు జోడించి, "అయ్యా, నేనొక మాట చెప్పుకోవాలి" అన్నాడు. వకీలు వారిస్తున్నా ఆగలేదు. "నాకు తెలీదండీ అది వరద సరుకని. కంపెనీ ఆఫరన్నారు. ఆ గోడౌను వాళ్ల ట్రాలీయే వచ్చి దింపింది. వాళ్ల గుమాస్తానే దింపించాడు. నాకూ మనవరాలుందండీ, నా ఇంట్లోకీ ఒకటి తీసుకెళ్లాను. వాసన చూసి మా ఆవిడ పారబోసింది. ఆ సంగతి ఈ అమ్మాయికి చెప్పలేదు. మిగిలినవి అమ్ముడుపోక నష్టపోతానని చెప్పలేదు." ఆ మాట అన్నాక అతను ఆమె వైపు చూడలేకపోయాడు. ఆమె కూడా అతని వైపు చూడలేదు. క్షమిస్తున్నట్టూ కనపడలేదు. ఎందుకు క్షమించాలి?

అతని చేత గుమాస్తా పేరు, ట్రాలీ వచ్చిన వివరం, అన్నీ చెప్పించి రాయించుకున్నారు. తర్వాతి వాయిదాల్లో గోడౌను యజమానిని కూడా ముద్దాయిగా చేర్చారు. కేసు ఇంకా తేలలేదు. ఎప్పుడు తేలుతుందో, తేలితే ఎలా తేలుతుందో నేను చెప్పలేను. మా పాత పై అధికారి పదోన్నతి మీద వెళ్లిపోయారు. ఆహార భద్రత మీద సభల్లో ఆయన ఉపన్యాసాలు ఇస్తుంటారు. వినియోగదారులు తేదీ చూసి కొనాలని చెబుతారట.

మొన్న వాయిదాకు బందరు వెళ్లాను. కోర్టు వరండాలో గోడౌను యజమాని ఎదురయ్యాడు. ఎప్పటిలాగే మర్యాదగా నమస్కారం పెట్టాడు. "ఇంకా ఎందుకండీ మేడమ్ మీకీ తిరుగుడు? రిటైరైపోయారు గదా. ఆరోగ్యం చూసుకోండి" అన్నాడు.

"ఉద్యోగానికి రిటైరయ్యానండీ. సాక్షిగా ఇంకా ఉన్నాను" అన్నాను.

ఆయన నవ్వి పక్కకు తప్పుకున్నాడు. అవతల బల్ల మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. బాబు ఇప్పుడు పరుగులు పెడుతున్నాడు. వరండా స్తంభం చుట్టూ తిరుగుతూ, వచ్చేపోయే వకీళ్ల నల్లకోట్లు పట్టుకుని లాగుతున్నాడు. వాడి వెనకాల పరిగెత్తి పట్టుకొచ్చి కూర్చోబెట్టడమే సరిపోతోంది ఆమెకు. నన్ను చూడగానే బల్ల మీద కాస్త జరిగింది.

"ఇటు కూర్చోండి మేడమ్. మన కేసు పిలవడానికి ఇంకా టైం పట్టుద్దంట."

కూర్చున్నాను. మన కేసు అంది.